ఇంటి ఆవరణలో కారు షెడ్డు – లిఫ్టు స్థాపన

వరంగల్ నగరంలో ఏ కార్ల మరమ్మతు షెడ్డులోనికి వెళ్ళినా మనకు మొదట కనిపించేవి మనిషి పాదాలు. కారు క్రింద గోనెసంచి పరచుకొని, వెల్లకిల పడుకొని, చేత పానా పట్టి పనిచేయువానిని పలుకరించవలెనన్న మనమే వంగి చూడవలెను. మా అబ్బాజాన్ ఈ విధముగా ముప్పది ఎనిమిది సంవత్సరములు పనిచేశారు. బాల్యంలో నేను వారి ముఖము కన్న వారి పాదములనే ఎక్కువ సేపు చూచినానని చెప్పిన అతిశయోక్తి కానేరదు.

షెడ్డు భాష కూడ విచిత్రమైనది. ఉస్తాద్ ఉర్దూలో పానా అడుగును, శిష్యుడు తెలుగులో సైజు ఎంతని అడుగును, ఇద్దరికీ అర్థమగును. ఈ సంచికలో వలెనే అక్కడను రెండు భాషలు ఒకే కప్పు క్రింద కాపురము చేయుచుండును.

నాకు పదకొండేండ్ల వయస్సున ఒక సంఘటన జరిగినది. వర్షాకాలపు సాయంకాలము. అబ్బాజాన్ పనిచేయుచున్న షెడ్డులో, తడిసిన నేలపై జాకీ నిలిపి ఒక కారును ఎత్తి ఉంచారు. వారు క్రింద ఉండగా జాకీ అడుగు ఒక ప్రక్కకు దిగబడినది. కారు ఒరిగి పడినది. అయితే ఊడదీసిన చక్రమును చాసిస్ క్రిందికి నెట్టి ఉంచుట వారి అలవాటు. కారు ఆ చక్రముపై ఆగినది. వారి రొమ్మునకు, ఇనుమునకు నడుమ జానెడు ఎడము మాత్రమే మిగిలినది. వారు మెల్లగా బయటకు జరిగి వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకొని, “జాకీని తిట్టకు బేటా, నేల మెత్తగా ఉన్నది, నేను చూచుకొనలేదు” అన్నారు.

ఆ మాట యొక్క పూర్తి అర్థము నాకు గత సంవత్సరము గాని తెలియలేదు. గల్ఫు దేశములో డ్రైవరుగా పనిచేయు మా భాయిజాన్ నలుబది ఐదు రోజుల సెలవుపై వచ్చి, మా ఇంటి ఆవరణలో ఒక షెడ్డు వేసి అందు లిఫ్టు నిలుపవలెనని సంకల్పించారు. అబ్బాజాన్‌కు నడుము పట్టివేసినది. ఇక వెల్లకిల పడుకొని పనిచేయరాదని వైద్యులు చెప్పినారు. నిలబడి పనిచేయు ఉపాయము లేనిచో వృత్తి విడువవలసినదే. ఆ ప్రయత్నమున మేము నేర్చినదానిని, చేయబోయిన పొరపాటును, భౌతికశాస్త్ర విద్యార్థిగా విద్యార్థి మిత్రుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుచున్నాను.

లిఫ్టు వెనుక ఉన్న సూత్రము

లిఫ్టునకు మూలమైన సూత్రము మన పాఠ్యపుస్తకములోనిదే. మూసి ఉంచిన ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమానముగా ప్రసరించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ నిరూపించెను. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యము గల చిన్న ముషలకముపై 10 కిలోల బరువు ఉంచినచో, 30 చదరపు సెంటీమీటర్ల పెద్ద ముషలకము 300 కిలోలను ఎత్తగలదు. అయితే ప్రకృతి ఏదియు ఉచితముగా ఇవ్వదు. పెద్దది ఒక సెంటీమీటరు లేచుటకు చిన్నది ముప్పది సెంటీమీటర్లు దిగవలెను. ఈ సూత్రముపై 1795లో ఇంగ్లండునందు జోసెఫ్ బ్రామా జలపీడన యంత్రమునకు పేటెంటు పొందెను. 1925లో అమెరికాలోని మెంఫిస్ నగరమున పీటర్ లునాటి, మంగలి దుకాణపు కుర్చీ పైకి లేచుట చూచి, అదే విధముగా కారునెత్తు లిఫ్టును రూపొందించెను.

నేడు దొరకు లిఫ్టులలో ముఖ్యమైనవి మూడు రకములు. రెండు స్తంభముల లిఫ్టు కారును చాసిస్ దగ్గర నాలుగు చేతులతో పట్టి ఎత్తును. చక్రములు గాలిలో వ్రేలాడును గనుక బ్రేకులు, సస్పెన్షన్ పనులకు అనువైనది. నాలుగు స్తంభముల లిఫ్టుపై కారు తన చక్రములపైననే నిలుచును. స్థిరత్వము ఎక్కువ, స్థలము కూడ ఎక్కువ కావలెను. కత్తెర వలె విచ్చుకొను లిఫ్టు ఎత్తు తక్కువ లేచును, కాని సాధారణ ఇంటి కప్పు క్రింద ఇమిడిపోవును.

గుంతయా, లిఫ్టా?

లిఫ్టు కంటె ముందు గుంత కలదు. కాజీపేట లోకో షెడ్డులో ఇంజనుల అడుగుభాగము పరీక్షించుటకు పట్టాల నడుమ గుంతలు ఉండును, ఆర్.టి.సి. డిపోలలో బస్సులకును అంతే. ఇంటిలోను రెండున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గల గుంతను త్రవ్వి ఇటుకతో కట్టినచో కారును ఎత్తకుండగనే పని జరుగును. యంత్రము లేదు, విద్యుత్తు లేదు, ఖర్చు తక్కువ.

కాని ఇంటి గుంతకు మూడు శత్రువులు. మొదటిది నీరు. వర్షాకాలములో భూగర్భ జలము పైకి వచ్చినపుడు గుంత బావిగా మారును. రెండవది పెట్రోలు ఆవిరి. అది గాలికన్న బరువైనది గనుక గుంత అడుగున చేరి నిలుచును. అక్కడ ఒక్క మిణుగురు చాలు. మూడవది మూత వేయుట మరచిన మనిషి. పిల్లలు తిరుగు ఇంటిలో తెరచి ఉన్న గుంత ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. రైల్వేలు, డిపోలు ఈ మూడింటికిని కాలువలు, కాపలా, క్రమశిక్షణ ఏర్పరచుకొన్నవి. ఇంటిలో అవి దుర్లభములు. అందుచేత మేము గుంత ఆలోచన మానుకొన్నాము.

కప్పు ఎత్తు లెక్క

లిఫ్టు కొనుటకు పోవువారు ముందుగా టేపు పట్టుకొని కప్పు చూడవలెను. మనిషి నిలబడుటకు ఆరు అడుగులు, స్విఫ్టు వంటి కారు ఎత్తు ఐదు అడుగులు, పైన ఒక అడుగు ఖాళీ. మొత్తము పన్నెండు అడుగులు. ఇన్నోవా వంటి వాహనము సుమారు ఆరడుగుల ఎత్తు ఉండును గనుక దానికి పదమూడు అడుగులు కావలెను. మన ఇండ్ల శ్లాబు సాధారణముగా పది అడుగుల ఎత్తున ఉండును. ఆ శ్లాబు క్రింద పూర్తి ఎత్తు లిఫ్టు పనికిరాదు. మూడున్నర అడుగులు లేచు కత్తెర లిఫ్టు మాత్రము పనికివచ్చును. అప్పుడు మనిషి నిలబడలేడు, చిన్న పీటపై కూర్చుండి పనిచేయగలడు; వెల్లకిల పడుకొనుట తప్పును.

ఈ లెక్కలో చాలామంది మరచునది రెండు విషయములు. కారు పైకి లేచిన తరువాత ముందరి బానెట్టు, వెనుక డిక్కీ తలుపు తెరచినచో మరి కొంత ఎత్తు కావలెను. అట్లే పైన తిరుగు సీలింగు ఫ్యాను, వ్రేలాడు దీపము కారు కప్పునకు తగులరాదు. దీపములను ప్రక్కగోడలకు అమర్చుట మేలు. పైనుండి వచ్చు వెలుతురు కారు క్రింద పడదు గదా.

వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు ఇరువది రెండు అడుగులు ఉన్నచో కారు చుట్టును మనిషి తిరుగగలడు. ఇంటి చుట్టు వదలవలసిన ఖాళీ స్థలములో షెడ్డు వేయరాదు. నగరపాలక సంస్థ అనుమతి ముందుగా పొందవలెను. ఇతరుల కార్లు బాగుచేసి రుసుము తీసికొనదలచినచో ట్రేడు లైసెన్సు కూడ అవసరము. మేము ఇంటికి ప్రక్కన విడిగా, ఇనుప స్తంభములపై పదమూడు అడుగుల ఎత్తున రేకుల షెడ్డు వేయ నిశ్చయించుకొన్నాము. మన ఎండలు వేసవిలో 40 డిగ్రీలు దాటును గనుక రేకునకు, గోడకు నడుమ ఒక అడుగు సందు విడిచితిమి. వేడి గాలి పైనుండి పోవును.

నేల మాట

ఇంతవరకు అన్నియు సుగమముగా జరిగినవి. లిఫ్టు బేరము కుదిరినది. భాయిజాన్ సెలవులో పదునాలుగు రోజులు గడచినవి. ఆవరణలో పాత గచ్చు నున్నగా, పగులు లేక ఉన్నది. “దీనిపైననే బోల్టులు బిగింతము, నేను పోకముందే అబ్బా లిఫ్టు క్రింద నిలబడి పనిచేయుట చూచి పోవలెను” అని భాయిజాన్ ఆతురత. నాకును అంతే. అబ్బాజాన్ మాత్రము ఒక గడ్డపార తెచ్చి నా చేతికిచ్చి, “ఒక మూల త్రవ్వి చూడు” అన్నారు.

త్రవ్వి చూడగా గచ్చు మందము రెండు అంగుళములే. దాని క్రింద నల్లరేగడి.

వరంగల్ ప్రాంతములో నేలలు వీధికొక తీరున ఉండును. కొన్నిచోట్ల ఎర్రని చెల్క, కొన్నిచోట్ల మొరం, దాని క్రింద నల్లరాయి, మరికొన్నిచోట్ల రేగడి. రేగడి ప్రత్తికి మేలు, పునాదికి కీడు. వాన పడినపుడు నీరు పీల్చి ఉబ్బును. వేసవిలో ఎండి, కుంచించుకొని, చేయి దూరునంత పగుళ్ళిచ్చును. దానిపై వేసిన గచ్చు ఏటేటా పైకి లేచి క్రిందికి దిగును. ఇంటి గోడ అయినచో బీటలు వారును. లిఫ్టు స్తంభమయినచో ఒరుగును.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. 1213లో పాలంపేటలో నిర్మితమై, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందిన రామప్ప దేవాలయమును కాకతీయ శిల్పులు ఇసుక నింపిన పునాదిపై నిలిపిరి. పైన విమానమునకు నీటిపై తేలునంత తేలికైన ఇటుకలు వాడిరి. క్రింది నేలను సిద్ధపరచుట, పైభారమును తగ్గించుట అను రెండు పాఠములను వారు రాతిలో వ్రాసి పోయినారు. మన షెడ్డు దేవాలయము కాదు గాని పాఠము ఒక్కటే.

స్తంభము ఎటు పడగోరును?

ఇచట ఒక చిన్న లెక్క చేయుదము. 1500 కిలోల కారును రెండు స్తంభములు మోయుచున్నవనుకొందము. ఒక్కొక్క స్తంభముపై 750 కిలోలు. ఇది కాంక్రీటును నలిపివేయునంత భారము కాదు. నేలపై ఆ బరువు మోయించుట సులభమేనని తోచును. పొరపాటు అక్కడనే కలదు.

బరువు స్తంభము నెత్తిపై లేదు. చేతులు చాచి లోపలివైపు పట్టుకొన్నది. నిండు బిందెను చాచిన చేతితో పట్టుకొన్నవాడు ముందుకు తూలునట్లు, ప్రతి స్తంభమును లోపలికి పడగోరును. స్తంభపు అడుగు పలక లోపలి అంచునుండి కారు బరువు 70 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొనుడు. అదే అంచునుండి వెలుపలి వైపు బోల్టులు 35 సెంటీమీటర్ల దూరమున ఉన్నవనుకొనుడు. తులాదండ సూత్రము ప్రకారము 750ని 70తో గుణించి 35తో భాగించగా 1500 వచ్చును. అనగా స్తంభము సొంత బరువు కొంత సాయపడినను, వెలుపలి బోల్టులను సుమారు 1500 కిలోల బలము పైకి పెరుకుచుండును. మోసిన బరువునకు ఇది రెండింతలు. రెండు అంగుళముల గచ్చు ఈ పెరుకుడుకు తాళునా? పెంకు వలె లేచిపోవును.

ఈ లెక్కను నేను కాగితముపై వ్రాసి భాయిజాన్ ముందు ఉంచితిని. వారు చాలసేపు దానిని చూచి, ఏమియు మాటాడక, క్యాలెండరు వైపు చూచినారు. కాంక్రీటు పూర్తి బలము సంతరించుకొనుటకు 28 రోజులు కావలెను. ఏడవ నాటికి మూడింట రెండు వంతుల బలము మాత్రమే వచ్చును. పాత గచ్చు త్రవ్వి, మట్టి మార్చి, కాంక్రీటు పోయుసరికి సెలవులో మిగులునది అంతకన్న తక్కువ. చివరకు వారే లేచి పాత గచ్చుపై మొదటి సమ్మెట దెబ్బ వేసినారు.

మేము చేసిన పద్ధతి ఇది. మూడడుగుల లోతు రేగడిని తీసివేసితిమి. అంతటితో క్రింద మొరం తగిలినది. రేగడి ఇంకను లోతుగా ఉన్నచో ఇంజనీరు సలహా తప్పనిసరి. గోతిని మొరంతో ఆరేసి అంగుళముల పొరలుగా నింపి, ప్రతి పొరను తడిపి దిమ్మిసతో గట్టిపరచితిమి. దానిపై ఇనుప కడ్డీల జాలి పరచి, ఎనిమిది అంగుళముల మందమున ఎం-25 కాంక్రీటు పోసితిమి. అనగా ఒక పాలు సిమెంటు, ఒక పాలు ఇసుక, రెండు పాళ్ళు కంకర. లిఫ్టు తయారీదారు ఇచ్చు పత్రములో కావలసిన మందము, బలము వ్రాసి ఉండును, దానికి తగ్గరాదు. బోల్టు రంధ్రములు కాంక్రీటు అంచునకు, అతుకునకు కనీసము ఆరు అంగుళముల దూరమున ఉండవలెను. గట్లు కట్టి ప్రతిదినము నీరు నిలిపితిమి. నాలుగు టన్నుల లిఫ్టు అనగా యంత్రము నాలుగు టన్నులు మోయునని మాత్రమే అర్థము. నేల సంగతి నేలనే అడుగవలెను.

నీరు, విద్యుత్తు, గాలి

2020 ఆగస్టులోను, 2023 జూలైలోను కురిసిన కుండపోత వానలకు వరంగల్, హనుమకొండలలోని అనేక కాలనీలు నీట మునిగినవి. అందుచేత షెడ్డు నేలను వీధి కంటె ఒక అడుగు ఎత్తుగా ఉంచి, గుమ్మము వైపు స్వల్పమైన వాలు ఇచ్చితిమి. అయితే స్తంభముల క్రింది భాగము సమతలముగా ఉండవలెను. మోటారు, స్విచ్చులు, ప్లగ్గులు నేలకు మూడడుగుల పైన అమర్చితిమి. ఇందువలన వరద నీటినుండియే గాక నేలపై ప్రాకు పెట్రోలు ఆవిరినుండియు రక్షణ.

రెండు హార్సుపవరు మోటారు ఇంటి 230 వోల్టుల కరెంటుతో నడచును. కాని మొదలగునపుడు అనేక రెట్లు ఎక్కువ కరెంటు లాగును గనుక దానికి మీటరునుండి ప్రత్యేకమైన తీగ, మంచి ఎర్తింగు ఉండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపివేయు పరికరము తప్పక అమర్చవలెను. తడి నేలపై ఇనుము పట్టుకొని పనిచేయువాని ప్రాణము దానిపై ఆధారపడి ఉన్నది. చేతి దీపము బ్యాటరీదై ఉండవలెను.

మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. మనిషి నిద్ర వచ్చినదనుకొని ప్రాణము కోల్పోవును. ఇక తీసిన పాత ఆయిలును మోరీలో పోయుట మహాపరాధము. మన మోరీల నీరు ఎక్కడికి పోవునో, మన చెరువులను చూచినవారికి చెప్పనక్కరలేదు. దానిని డబ్బాలో నిలువచేసి, పాత ఆయిలు కొనుటకు అనుమతి గలవారికే ఇవ్వవలెను.

లాకు చప్పుడు

ఇక అన్నిటికన్న ముఖ్యమైన నియమము. నూనె ఎత్తును, ఇనుము మోయవలెను. లిఫ్టు పైకి పోవునపుడు స్తంభములో “టక్కు, టక్కు” మని లాకులు పడు చప్పుడు వినిపించును. కావలసిన ఎత్తునకు చేరిన తరువాత కొద్దిగా దించి, రెండు స్తంభములలోను లాకులపై బరువు కూర్చుండబెట్టవలెను. అటు పిమ్మట గొట్టము పగిలినను, సీలు చెడినను కారు పడదు. లాకు పడకుండ, కేవలము నూనె పీడనముపై నిలిచిన కారు క్రిందికి ఒక్క చేతిని కూడ చాపరాదు.

కారును ఒక అడుగు ఎత్తగనే ఆపి, గట్టిగా ఊపి చూడవలెను. కదలినచో దించి చేతులను సరిచేయవలెను. చేతుల రబ్బరు దిమ్మెలు తయారీదారు సూచించిన స్థానములలోనే ఆనవలెను. చిన్న కార్లలో ఇంజను ముందున్నది గనుక బరువు ముందుకు మొగ్గును. లిఫ్టుపై ఉండగా ఇంజను దించినచో బరువు వెనుకకు మారి కారు తల ఎత్తును. అట్టి పనికి వెనుకవైపు ఊత ముందుగానే నిలుపవలెను. బోల్టుల బిగువు, తాళ్ళ సమత, నూనె కారుట అను మూడింటిని వారమునకొకసారి చూచుట అలవాటు కావలెను.

భాయిజాన్ సెలవు ముగిసి, కాంక్రీటు పోసిన పందొమ్మిదవ నాడు బయలుదేరిపోయినారు. పోవుటకు ముందు ఆ ఉదయము కూడ గట్లలో నీరు వారే పోసినారు. ముప్పదవ నాడు స్తంభములు నిలిచినవి. మొదటగా మా పొరుగువారి పాత ఆల్టో ఎక్కినది. లాకులు పడిన చప్పుడును అబ్బాజాన్ కండ్లు మూసికొని విన్నారు. పిదప క్రిందికి పోయి, నిటారుగా నిలబడి, తల ఎత్తి చూచినారు. ముప్పది ఎనిమిది సంవత్సరములలో కారు అడుగుభాగమును నిలబడి చూచుట వారికి అదే ప్రథమము. తరువాత బయటకు వచ్చి, మూలనున్న ఎత్తైన ఇనుప ఊతను ఈడ్చుకొని పోయి, అవసరము లేకున్నను, కారు క్రింద నిలిపినారు.

నేను ఫోనులో తీసిన ఆ చిత్రమును భాయిజాన్‌కు పంపితిని. అందులో అబ్బాజాన్ ముఖము స్పష్టముగా కనబడుచున్నది.

విద్యార్థి మిత్రులారా! తులాదండము, పాస్కల్ నియమము పరీక్షలో మార్కుల కొరకు మాత్రమే కంఠస్థము చేయదగినవి కావు. మీ ఇంట యంత్రము నిలుపవలసి వచ్చిననాడు, దాని ధర అడుగుటకు ముందు గడ్డపారతో ఒక మూల త్రవ్వి చూడుడు.